పిల్లల నిద్రకు కావలి ఉన్న కృపాకుమారి గారు

1993వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి కృపాకుమారి గారు మన వైద్యశాలలో పిల్లల వార్డు సహాయకురాలిగా ఉద్యోగప్రవేశం చేసినారు. కొత్తచెరువు దారిలో అప్పటికి మన ఆసుపత్రి అంటే రేకుల కప్పు కింద ఐదారు గదులు, వెనకపక్క ఒక బోరు. బోరులో నీళ్ళుంటే పని, లేకుంటే ట్యాంకరు కోసం ఎదురుచూపు. ఆనాడు ఆ గుమ్మం తొక్కిన ఆ మితభాషిణి, మూడు దశాబ్దాలకు పైబడి ఇక్కడే సేవచేసి, మూర్ఛవ్యాధి పీడిత బాలల మెదడు లయలను నమోదు చేసి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారని వినగానే, మన వైద్యశాల పత్రిక ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని నిర్వాహకులు నన్ను అడిగినారు. నేను ఈ సంస్థలో కరెంటు పనులు చూసేవాణ్ణి. మాట్లాడడం నాకు తక్కువ, రాయడం అంతకన్నా తక్కువ. అయినా ఆవిడ పని జరిగే గది గుమ్మంలో నేను నిలబడినంత కాలం ఇంకెవరూ నిలబడలేదు గనుక ఒప్పుకున్నాను.

వారి స్వస్థలం కంబదూరు మండలంలోని ఒక మెట్ట గ్రామం. తండ్రిగారైన జాకబ్ గారు వానకు దున్ని, వాన రాకుంటే కూలికి పోయి, సంసారాన్ని నెట్టుకొచ్చిన వారు. కూతురు చదువు విషయంలో మాత్రం ఆయన ఆకాశం వైపు చూడలేదు. కల్యాణదుర్గంలో ఉన్నత పాఠశాల, తరువాత వైద్య సహాయకుల శిక్షణ పూర్తి చేయించి, పెట్టె నెత్తిన పెట్టుకొని తానే వచ్చి ఇక్కడ దిగబెట్టి పోయినారు. పోతూ పోతూ, మా పాప మాట్లాడదు గానీ అన్నీ చూస్తాది అని అప్పటి మేట్రన్ గారికి చెప్పినారని విన్నాను. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అదనంగా లేదని ఈ సంస్థలో అందరికీ తెలుసు.

వార్డులో కొన్నేళ్ళు పనిచేసిన పిమ్మట, పిల్లలకు మూర్ఛ వచ్చే తీరును ఆమె వర్ణించే పద్ధతిని గమనించిన యాజమాన్యం, ఆమెను బెంగళూరుకు ఈఈజీ శిక్షణకు పంపింది. తలపై తీగలు అతికించి మెదడులోని సూక్ష్మ విద్యుత్తరంగాలను కాగితంపై గీయించే విద్య అది. శిక్షణ ముగించుకొని ఆమె ఒక పాత మిషనుతోబాటు ఒకే వ్యానులో మన ఆసుపత్రికి చేరినారు. మిషనుకు సిరా కలాలుండేవి. ఎండకాలంలో సిరా గడ్డకట్టేది. ఆమె కలాలను సూదితో పొడిచి, గోరువెచ్చని నీటితో కడిగి, మళ్ళీ నడిపించేవారు. అనంతరకాలంలో కంప్యూటరు తెర వచ్చింది, కాగితపు దొంతరలు పోయినాయి, గదికి ఏసీ వచ్చింది. మారనిది ఒక్కటే: పిల్ల తల మీద తీగ అతికించే ముందు ఆమె ఆ జిగురును తన ముంజేతికి పూసుకొని, చల్లగా ఉంటే అరచేతుల మధ్య వెచ్చజేసేవారు.

ఈ పనిలో ఉన్న కష్టం బయటివారికి తెలియదు. మన ప్రాంతంలో పిల్లను ఊరు దాటించాలంటే తలకు నిండుగా నూనె రాసి, బిగించి జడలు వేసి, పూలు పెట్టనిదే తల్లికి మనసొప్పదు. వట్టి తలతో ఆసుపత్రికి తెస్తే చూసినవారేమనుకుంటారు? నూనె తలకు తీగ అతకదు. అందుచేత కృపాకుమారి గారి వద్ద ఎప్పుడూ ఒక బకెట్టు నీళ్ళు, సీకాయ పొడి, ఒక తువ్వాలు సిద్ధంగా ఉండేవి. తల్లిని ఒక్క మాట అనేవారు కాదు. పూలను తీసి తడిగుడ్డలో చుట్టి, పని అయినాక తిరిగి ఆ జడలోనే పెట్టి పంపేవారు.

రెండవ కష్టం నా వంతుకు వచ్చేది. బోరు మోటారు తిరుగుతున్నంతసేపు ఆ కరెంటు గుర్రు మెదడు తరంగాల మీద పడి గీతలను పాడుచేసేది. కొత్త వైరింగు వేయించిన తరువాత కూడా అది పూర్తిగా పోలేదు. అందువల్ల పిల్ల కన్ను మూతపడిందంటే ఆమె తలుపు సందులోంచి నా వైపు చూసేవారు. నేను పోయి మోటారు ఆపేవాణ్ణి. ట్యాంకు ఎండితే వంటశాల పెద్ద కుళ్ళాయప్ప గారు నన్ను పట్టుకొనేవారు. "ఆయమ్మ పిల్లోళ్ళను జోకొడతాది, నువ్వు మోటరు ఆపుతావు, నేను బియ్యం ఉమ్మితో కడగల్లా ఏమప్పా?" అని ఆయన నిత్య స్తోత్రం. నాకు జవాబు చెప్పే అలవాటు లేదు గనుక ఆ స్తోత్రం సాంతం వినేవాణ్ణి.

నిద్ర ఎందుకంత ముఖ్యమో ఆమె తల్లిదండ్రులకు చెప్పే తీరు నేను ఎన్నోసార్లు విన్నాను. పగలంతా పిల్ల చూసినది, విన్నది కల్లంలో పోసిన గింజల మాదిరి ఉంటుందట. నిద్రలోనే మెదడు వాటిని తూర్పారబట్టి, గాదెలోకి ఎత్తుతుందట. గాఢనిద్రలో నిదానంగా లేచి పడే పెద్ద అలలు, వాటి మీద సన్నగా మొదలై, నడుమ లావెక్కి, మళ్ళీ సన్నబడే చిన్న అలల గుంపులు, ఆ పని సాగుతోందనడానికి ఆనవాళ్ళు. ధర్మవరం నుంచి వచ్చే మగ్గం ఇండ్లవారికి ఆ చిన్న గుంపులను నూలు చుట్టే కండెలని చూపించేవారు. వారికి వెంటనే అర్థమయ్యేది. కొందరు మూర్ఛ పిల్లలలో పగలు ఫిట్సు ఏమీ కనబడకపోయినా, నిద్ర పట్టగానే మెదడంతటా తుఫాను లేస్తుంది. పిల్ల కదలదు, అరవదు, ఎవరికీ తెలియదు. గింజలు మాత్రం గాదెకు చేరవు.

ఈ సందర్భంలోనే త్రివేణి అనే చిన్నారిని గురించి చెప్పుట నా ఉద్దేశం. ఆ కుటుంబం అనుమతి తీసుకొనే రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట, కంబదూరు దగ్గరి పల్లె నుంచి చెన్నమ్మ గారు తన నాలుగో తరగతి కూతురు త్రివేణిని వెంటబెట్టుకొని వచ్చినారు. పిల్లకు అంతకు ముందు మూతి ఒకపక్కకు లాగే ఫిట్సు వచ్చేవి. మందులతో అవి తగ్గినాయి. తగ్గిన తరువాతే అసలు చిక్కు మొదలైంది. సాయంత్రం ఎక్కం వల్లిస్తే తప్పు లేకుండా చెప్పేది. తెల్లవారి లేస్తే ఎక్కం లేదు. పద్యం లేదు. ఒక్కోసారి నిన్న ఇంటికి ఎవరు వచ్చినారో అదీ లేదు. బడిలో ఆ పిల్లకు మొద్దు అని పేరు పెట్టినారు. తండ్రి మారుతి గారు కోపిష్టి కారు, విసిగిపోయినవారు. కూతురిని బడి మాన్పించి గొర్రెల వెంట పంపుదామని తీర్మానించుకున్నారు. "చదువు దాని తలలో నిలవదు. ఎందుకు దాన్ని రోజూ ఏడిపిచ్చేది? గొర్రెలైతే నిన్నటి పాఠం అడగవు కదా" అన్నారట ఆయన. ఆ మాటలో కూతురి మీద కరుణ ఉందని చెన్నమ్మ గారు చెప్పుకొని బాధపడినారు. కరుణే గనుక ఎదురు చెప్పడం కష్టమైందని కూడా అన్నారు.

మన పిల్లల నరాల వైద్యులు డాక్టర్ నాగేశ్వర గారు మెలకువలో తీసిన రికార్డు చూసి, ఇందులో పెద్ద దోషం లేదు, నిద్రలో చూడాలి అన్నారు. మందిచ్చి నిద్రపుచ్చితే అలల రూపు మారవచ్చునని, సహజమైన నిద్రే కావాలని వారి అభిప్రాయం. ముందు రాత్రి పిల్లను చాలాసేపు మేలుకొని ఉంచి, పొద్దున్నే తీసుకొని రమ్మన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల తలకు ఆముదం. కడిగేసరికి చన్నీళ్ళకు నిద్ర ఎగిరిపోయింది. రెండవసారి నూనె లేదు. ఆ రాత్రి వారి వీధి వీధంతా వంతులు వేసుకొని పిల్లను మేలుకొలిపి ఉంచినారట, ఒకరు కథలు చెప్పి, ఒకరు పచ్చీసు ఆడించి. ఇంత కష్టపడి తెల్లవారి బస్సెక్కించినారు. బస్సు కదలగానే త్రివేణి తల్లి ఒడిలో వాలి, ధర్మవరం దాటిందాకా లేవలేదు. మన గదికి వచ్చేసరికి కడిగిన పలక మాదిరి కళ్ళు మెరుస్తున్నాయి. మధ్యాహ్నం దాకా పడుకోబెట్టినా, తీగలతో ఆడుకుంది తప్ప కన్ను వాల్చలేదు.

ఇది ఆ తల్లి ఒక్కరి పొరపాటు కాదు. మన మెట్ట పల్లెల నుంచి వచ్చే అందరికీ జరిగేదే. దూరాభారం, ఒకటే బస్సు, ఆ కుదుపు. రాత్రంతా కాపాడిన నిద్రను బస్సు దోచుకొనిపోతుంది. చెన్నమ్మ గారు మెట్ల మీద కూచొని ఏడ్చినారు. మూడవసారి పంపేది లేదని ఇంట్లో చెప్పి ఉన్నారు. ఇంటికి పోతే పిల్ల పుస్తకాల సంచి అటకెక్కుతుంది.

కృపాకుమారి గారు ఆ మెట్టు మీదే పక్కన కూచున్నారు. తరువాత, వచ్చే వారం నేనే మీ ఊరికి వస్తా, ఇంకొక్కసారికి మీ ఆయన్ను ఒప్పించు అన్నారు. చెప్పిన ప్రకారం సెలవు పెట్టుకొని, ఆ మండలంలోనే ఉన్న తమ పుట్టింటికి పోయి, అక్కడి నుంచి త్రివేణి ఇంటికి చేరి, రాత్రి ఆ వీధివారితో తానూ వంతు కూచొని, తెల్లవారి తల్లీకూతుళ్ళతోబాటు మొదటి బస్సెక్కినారు. దారి పొడవునా పిల్లను మేలుకొలిపి తేవడం వారి సంకల్పం. పొడుపుకథలు కూడా తయారు చేసుకొని పోయినారట.

సంకల్పం మంచిదే. కానీ ఆ రాత్రి మేలుకున్నది పిల్ల ఒక్కతే కాదు కదా. కల్యాణదుర్గం దాటకముందే, మూడో పొడుపుకథ సగంలో ఉండగా, కృపాకుమారి గారే నిద్రపోయినారు.

ఈ సంగతి చెన్నమ్మ గారు మాకు చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఈ ప్రయాణంలో ఎవరూ నిద్రపోకూడదని త్రివేణి మనసులో గట్టిగా నాటుకొని ఉంది. పెద్దామె తల వాలగానే చెయ్యి గిచ్చింది. ఆవిడ ఉలిక్కిపడి లేచి, ఇంకొక మాట చెప్పి, మళ్ళీ వాలినారు. మళ్ళీ గిచ్చింది. కండక్టరు ఇది చూసి, "ఏమ్మా, పిల్ల నిద్రపోకుండా చూసేదానికి నువ్వెక్కితివి. నిన్ను చూసేదానికి ఇంగొకరికి టికెట్టు కొట్టల్లా?" అన్నాడట. బస్సంతా నవ్వింది. ఆ కాపలా పనిలో పడి త్రివేణి దారి పొడవునా రెప్ప వేయలేదు. కొత్తచెరువులో దిగినప్పుడు కృపాకుమారి గారి ముంజేయి ఎర్రగా కంది ఉంది. ఎందుకట్ల గిచ్చినావు పాపా అని నేను అడిగితే, "ఆయమ్మ పండుకుంటే నాకు మిషను యెవరు పెడతారు?" అంది, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

గదిలోకి పోయినాక ఆమె ఎప్పటి అలవాటు ప్రకారం పిల్లకు ఒక చిన్న సంగతి చెప్పినారు. మా ఇంట్లో ఒక మేకపిల్ల ఉంది, దాని పేరు ముత్యాలు అని. ఇది వైద్యపరీక్ష కాదు, ఆవిడ సొంత పద్ధతి. నిద్రకు ముందు ఒక పేరు చెప్పడం, లేచినాక ముచ్చటగా అడగడం. త్రివేణి ఆ పేరును మూడుమార్లు చక్కగా పలికింది. ముత్యాలుకు కొమ్ములు వచ్చినాయా అని ఎదురు ప్రశ్న కూడా వేసింది. అంతలోనే కన్ను మూతపడింది. తలుపు సందులోంచి చూపు వచ్చింది. నేను మోటారు ఆపినాను.

ఆ రోజు ట్యాంకులో ముందే నీళ్ళు తక్కువ. కొంతసేపటికి కుళ్ళాయప్ప గారు గంటె పట్టుకొని వరండాలోకి రానే వచ్చినారు. నేను సంగతి రెండు ముక్కల్లో చెప్పినాను, ఇది మూడోసారి అని, ఇది కాకపోతే పిల్ల గొర్రెల వెంట పోతుందని. ఆయన చెప్పులు విడిచి చేత పట్టుకొని, వట్టి కాళ్ళతో చప్పుడు లేకుండా వెనక్కి పోయినారు. ఆ పూట అన్నం ఆలస్యమైంది. ఎందుకని అడిగినవారి మీద మాత్రం ఆయనే అరిచినారు.

మెలకువలో నిదానంగా నడిచిన గీతలు, పిల్ల గాఢనిద్రలోకి జారగానే తెర నిండా ముళ్ళకంప పరిచినట్టు మారిపోవడం గుమ్మంలో ఉన్న నాకు కూడా కనబడింది. ఒక అల తరువాత ఒక ముల్లు, సందు లేదు. కండెలు వెదకినా లేవు. పిల్ల మాత్రం పెదవి కూడా కదపకుండా, ఎంతో హాయిగా పడుకొని ఉంది. కృపాకుమారి గారు తెరను, పిల్లను మార్చి మార్చి చూస్తూ కూచున్నారు. కావలసినంత రికార్డు అయినాక మెల్లగా లేపి, మొహం తుడిచి, మా మేకపిల్ల పేరేమి తల్లీ అని అడిగినారు.

త్రివేణి ఆలోచించింది. "మీకు మేక ఉండాదా?" అంది.

చెన్నమ్మ గారు గోడ వైపు తిరుక్కున్నారు. రికార్డులో ఏమున్నదో చెప్పడం డాక్టరు గారి బాధ్యత, తమది కాదు అనే నియమాన్ని కృపాకుమారి గారు తమ సర్వీసు మొత్తంలో ఎన్నడూ దాటలేదు. ఆ రోజు కూడా దాటలేదు. ఆ తల్లి భుజం మీద చెయ్యి వేసి, "ఏముందో సారు చెప్తారు. నీ బిడ్డ మొద్దు కాదు, ఆ ఒక్క మాట నేను చెప్తా, ఇంటికి పోయి చెప్పు" అన్నారు.

డాక్టర్ నాగేశ్వర గారు రికార్డు చూసిన సాయంత్రమే మారుతి గారికి ఫోను చేసి, ఓపికగా వివరించినారు. పిల్ల బుద్ధిలో లోపం లేదు, నిద్రలో మెదడుకు విశ్రాంతి లేదు, పగలు నేర్చినది రాత్రి దక్కడం లేదు, మందు మార్చి చూద్దాం, పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేను గానీ బడి మాత్రం మాన్పించవద్దు అన్నారు. అవతల నుంచి మారుతి గారు, "అట్లయితే గొర్రెలకాడికి నేనే పోతాలే సార్" అన్నారట.

ఆ తరువాత నడిచినది సుదీర్ఘమైన, అంత సుఖం కాని చికిత్స. బలమైన మందుకు పిల్ల మొహం ఉబ్బింది, ఆకలి పెరిగింది, కోపం పెరిగింది. ఒక దశలో మందు పని చేయలేదు, మరొకటి మార్చవలసి వచ్చింది. ప్రతి కొన్ని నెలలకు నిద్ర రికార్డు. ముళ్ళు పలచబడినాయి, మళ్ళీ చిక్కబడినాయి, మళ్ళీ పలచబడినాయి. ఒకనాడు తెర మీద ఒక కండె కనబడితే కృపాకుమారి గారు నన్ను పిలిచి, ఇది చూడు ఎర్రిస్వామీ అని వేలు పెట్టి చూపించినారు. పని మీద తప్ప ఆవిడ నన్ను పిలిచినది అదొక్కసారే. త్రివేణి ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది. తరగతిలో మొదటి పిల్ల కాదు. లెక్కలు ఇంకా కష్టమే. సాయంత్రం వచ్చిన ఎక్కం తెల్లవారి కూడా చాలావరకు ఉంటోందని మాత్రం వాళ్ళ అమ్మ చెబుతారు.

కృపాకుమారి గారి సేవలను ఒక్క పిల్ల కథతో కొలవడం న్యాయం కాదని నాకు తెలుసు. వారి చేతుల మీదుగా నిద్రపోయిన పిల్లలలో కొందరు నేడు తమ పిల్లలను ఎత్తుకొని వచ్చి పలకరించి పోతుంటారు. ఎంత చేసినా ప్రాణం నిలవని వారు కొందరున్నారు. వారి పేర్లు కూడా ఆవిడకు గుర్తే. తమ విద్యను దాచుకోకుండా ఇకపై ఆ పని చూడబోయే చిరంజీవి సుష్మకు నేర్పి, గదిని, సీకాయ డబ్బాతో సహా, ఒప్పగించి పోతున్నారు. వారి భర్త ఐజాక్ గారు ఇన్నేళ్ళు సెలవుదినాలలో కూడా భార్యను ఈ ఆసుపత్రికి అప్పిచ్చినందుకు మేమంతా వారికి కృతజ్ఞులం.

పోయిన వారం మారుతి గారు ఒక్కరే వచ్చినారు. ఇన్నాళ్ళలో ఆయన ఈ ఆవరణలో అడుగు పెట్టడం అదే ప్రథమం. పిల్లకు బాగాలేదేమోనని మాకు భయం వేసింది. కృపాకుమారి గారు గది నుంచి బయటికి వచ్చినారు. ఆయన తలగుడ్డ తీసి చేత పట్టుకొని, ఫిర్యాదు చేస్తున్నట్టే మొదలుపెట్టినారు.

"మొన్న రాత్రి దానికి సైకిలు కొనిస్తా అన్నానమ్మా. ఏడుపు మానిపిచ్చేదానికి అన్నా. పండుకుని లేస్తే మర్చిపోతాదిలే అనుకున్నా, ముందు నుంచీ అంతే కదా. తెల్లారి నేను కండ్లు తెరిచేకొద్దికి మంచం కాడ నిలబడుండాది. నాయనా, ఏ రంగుది కొనిస్తావు అంటాది."

ఆవిడ నవ్వినారు. మరి కొనిచ్చినావా అని అడిగినారు.

"ధర్మవరంలో కొని అక్కడే అంగట్లో పెట్టినా. నీకు చెప్పి పోదామని ఇంత దూరం వచ్చినా" అన్నారాయన. "ఇంగ మీదట దాని ముందర మాట జారకూడదమ్మా. అన్నీ గుర్తు పెట్టుకుంటాండాది."

పిల్లల నిద్రను ఇంతకాలం కాపాడిన శ్రీమతి కృపాకుమారి గారికి ఆ భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును ప్రసాదించుగాక. ఐజాక్ గారి సాహచర్యంలో వారి శేషజీవితం నిశ్చింతగా సాగాలని, పడుకున్న ప్రతి రాత్రీ గాఢనిద్ర పట్టాలని, మాట ఇచ్చిన తండ్రులందరినీ తెల్లవారి లేపి నిలదీసే పిల్లలు ఈ మెట్ట పల్లెల్లో ఇంటింటా ఉన్నారన్న కబురు వారి చెవిన పడుతూ ఉండాలని, మా అందరి పక్షాన మనఃపూర్వకంగా కోరుకుంటున్నాను.

ఎర్రిస్వామి,
విద్యుత్ విభాగం